క్లస్టర్ స్క్రీన్ మీద అంతా పచ్చగానే ఉందా? హై అవైలబిలిటీ సర్వర్లను మౌస్‌తో నడిపే టూల్స్.. ఏ బటన్ నొక్కితే ఏమవుతుంది?

బ్యాంకు యాప్ అర్ధరాత్రి కూడా తెరుచుకోవాలి. ఆసుపత్రిలో పాత రిపోర్టు ఎప్పుడడిగినా రావాలి. టికెట్ బుకింగ్ సైట్ పండగ ముందు రోజు కూడా నిలబడాలి. వీటి వెనక ఒక్కటే సర్వర్ ఉంటే, అది ఆగిన క్షణమే పని కూడా ఆగిపోతుంది. అందుకే రెండు, మూడు, ఇంకా ఎక్కువ సర్వర్లను ఒక జట్టుగా కట్టి నడుపుతారు. ఒకటి పడిపోతే ఇంకొకటి ఆ పని అందుకుంటుంది. దీన్నే హై అవైలబిలిటీ క్లస్టర్ అంటారు.

ఒకప్పుడు ఈ జట్టును నడపాలంటే నల్ల స్క్రీన్ మీద పొడవాటి కమాండ్లు కొట్టాల్సిందే. ఇప్పుడు బ్రౌజర్ తెరిచి, లాగిన్ అయి, మౌస్‌తోనే చాలా పనులు చేసేయొచ్చు. ఏ సర్వర్ బతికుంది, ఏ సర్వీస్ ఎక్కడ నడుస్తోంది, ఏది ఫెయిలైంది.. అన్నీ రంగుల్లో కనిపిస్తాయి. హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో నైట్ షిఫ్ట్ చేసే సిస్టమ్ అడ్మిన్లకు ఇది పెద్ద ఊరట.

అయితే ఇక్కడో తిరకాసు ఉంది. స్క్రీన్ మీద పచ్చ రంగు కనిపిస్తే, "ఈ క్షణానికి అన్నీ నడుస్తున్నాయి" అని మాత్రమే అర్థం. "రేపు ఒక సర్వర్ పడిపోతే రెండోది సరిగ్గా అందుకుంటుంది" అని కాదు. ఈ రెండింటి మధ్య తేడా తెలియకపోతే డేటాకే ముప్పు. ఈ టూల్స్ ఏంటి, ఏ బటన్ ఏం చేస్తుంది, నొక్కే ముందు ఏం చూసుకోవాలి.. వివరంగా చూద్దాం.

క్లస్టర్ అంటే ఏంటి?

రాత్రిపూట హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లే బస్సులో ఇద్దరు డ్రైవర్లు ఉంటారు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు పడుకుంటారు. మొదటి డ్రైవర్‌కి ఒంట్లో బాగోకపోతే రెండో డ్రైవర్ స్టీరింగ్ అందుకుంటారు. ప్రయాణికులకు కాస్త కుదుపు తెలుస్తుందేమో గానీ ప్రయాణం ఆగదు. క్లస్టర్ కూడా అంతే.

ఇందులో ఉండే ఒక్కో సర్వర్‌ను నోడ్ అంటారు. డేటాబేస్, వెబ్ సర్వర్, ఐపీ అడ్రస్, స్టోరేజ్.. ఇలా క్లస్టర్ కాపాడే ప్రతిదాన్నీ రిసోర్స్ అంటారు. ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కి రిసోర్స్ మారడాన్ని ఫెయిలోవర్ అంటారు. యాప్ వాడే జనానికి ఈ మార్పు తెలియకుండా వర్చువల్ ఐపీ అనే ఒక అడ్రస్ పెడతారు. సర్వర్ మారినా అడ్రస్ మారదు.

ఇంత తంటా ఎందుకంటారా? లెక్క చూడండి. ఏడాదిలో 99.9 శాతం సమయం సర్వీస్ నడిచింది అంటే.. దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగినట్టు. 99.99 శాతం అంటే దాదాపు 53 నిమిషాలు. 99.999 శాతం అంటే 5 నిమిషాల పైచిలుకు మాత్రమే. మనిషి నిద్ర లేచి, ల్యాప్‌టాప్ తెరిచి, లాగిన్ అయ్యేలోపే ఆ 5 నిమిషాలు అయిపోతాయి. అందుకే ఆ పని సాఫ్ట్‌వేర్‌కి అప్పగిస్తారు.

స్క్రీన్ వెనక ఏం జరుగుతుంది?

లైనక్స్ క్లస్టర్లలో ఎక్కువగా వాడేది రెండు సాఫ్ట్‌వేర్ల జోడీ. ఒకటి కోరోసింక్, రెండోది పేస్‌మేకర్. రెండూ ఓపెన్ సోర్సే.

కోరోసింక్ పని కబుర్లు చేరవేయడం. నోడ్‌లన్నీ "ఉన్నావా.. ఉన్నా" అని ఒకదానితో ఒకటి ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాయి. నిర్ణీత సమయంలో జవాబు రాకపోతే ఆ నోడ్ పోయినట్టు లెక్క.

పేస్‌మేకర్ పని నిర్ణయం తీసుకోవడం. ఏ రిసోర్స్ ఏ నోడ్ మీద నడవాలి, ఏది ముందు మొదలవ్వాలి, ఏది దేనితో కలిసి ఉండాలి అని మనం రాసిచ్చిన రూల్స్ చదివి దానికి తగ్గట్టు నడిపిస్తుంది. డేటాబేస్ ఎలా స్టార్ట్ చేయాలి, ఎలా ఆపాలి, బాగుందో లేదో ఎలా చూడాలి అన్నవి చిన్న స్క్రిప్టుల్లో ఉంటాయి. వాటిని రిసోర్స్ ఏజెంట్లు అంటారు.

గ్రాఫికల్ టూల్ ఈ రెండింటికీ పైన ఉండే కిటికీ మాత్రమే. మనం మౌస్‌తో నొక్కింది కూడా చివరికి పేస్‌మేకర్ కాన్ఫిగరేషన్‌లో ఒక మార్పుగానో, ఒక ఆదేశంగానో వెళ్తుంది. కమాండ్ కొట్టినా అక్కడికే, బటన్ నొక్కినా అక్కడికే. బ్రౌజర్ మూసేసినా క్లస్టర్ ఆగదు. అలాగే రూల్స్‌లో తప్పుంటే స్క్రీన్ ఎంత అందంగా ఉన్నా అది కాపాడలేదు.

ఏ టూల్ ఎవరిది?

హాక్: సూసే కంపెనీ తెచ్చిన వెబ్ టూల్. సూసే లైనక్స్ ఎంటర్‌ప్రైజ్ 15 హై అవైలబిలిటీ క్లస్టర్లలో దీని రెండో తరం హాక్2 ఉంది. బ్రౌజర్‌లో నోడ్ అడ్రస్, 7630 పోర్టు ఇస్తే పేజీ తెరుచుకుంటుంది. కొత్త సర్వీస్ పెట్టడానికి విజార్డులు, గతంలో ఏం జరిగిందో వెతకడానికి హిస్టరీ పేజీ ఉంటాయి. ఇందులో బాగా పనికొచ్చేది బ్యాచ్ మోడ్. మార్పులన్నీ ముందు ఒకచోట పేర్చి, "ఇవి అమలైతే ఏం జరుగుతుంది?" అని చూసుకుని, నచ్చితేనే అమలు చేయొచ్చు.

పీసీఎస్ వెబ్ పేజీ: రెడ్ హ్యాట్ కుటుంబానికి చెందిన లైనక్స్‌లలో వాడేది. పోర్టు 2224. క్లస్టర్ తయారీ నుంచి రిసోర్సులు, ఫెన్సింగ్, రూల్స్ దాకా అన్నీ ఇక్కడే. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 10లో ఈ పేజీ విడిగా రావడం లేదు. 9090 పోర్టులో నడిచే కాక్‌పిట్ వెబ్ కన్సోల్‌లో యాడ్-ఆన్‌గా కలిసిపోయింది. రెడ్ హ్యాట్ 5, 6 వెర్షన్ల కాలంలో పనిచేసినవాళ్లకు లూసీ పేరు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో ఆ పని అది చేసేది.

ఎల్‌సీఎంసీ: ఇది బ్రౌజర్‌లో కాదు, జావాలో నడిచే డెస్క్‌టాప్ టూల్. ఎస్ఎస్‌హెచ్ ద్వారా నోడ్‌లకు కనెక్ట్ అయి, రిసోర్సులను, వాటి మధ్య సంబంధాలను బొమ్మలా గీసి చూపిస్తుంది. పాత క్లస్టర్లు చూసేవాళ్లకు ఇది పరిచయమే.

ఫెయిలోవర్ క్లస్టర్ మేనేజర్: మైక్రోసాఫ్ట్ విండోస్ సర్వర్‌ది. రోల్స్, నోడ్స్, స్టోరేజ్, నెట్‌వర్క్స్ అని ఎడమవైపు చెట్టులా ఉంటుంది. విండోస్ సర్వర్ 2008 నుంచి ఇందులో వాలిడేషన్ విజార్డ్ వచ్చింది. క్లస్టర్ కట్టకముందే నెట్‌వర్క్, డిస్కులు, సెట్టింగులు పరీక్షించి రిపోర్ట్ ఇస్తుంది. బ్రౌజర్‌లో పని కావాలంటే విండోస్ అడ్మిన్ సెంటర్ కూడా ఉంది.

ప్రాక్స్‌మాక్స్ వీఈ: వర్చువల్ మెషీన్లు నడిపే ఓపెన్ సోర్స్ వేదిక. పోర్టు 8006. దీని కింద కూడా కోరోసింకే ఉంటుంది. కానీ నిర్ణయాలు తీసుకునేది పేస్‌మేకర్ కాదు, దాని సొంత హెచ్ఏ మేనేజర్. చిన్న ఆఫీసులు, కాలేజీ ల్యాబ్‌లు మొదలుపెట్టడానికి ఇది తేలిక.

రంగులు ఎలా చదవాలి?

చాలా టూల్స్‌లో పచ్చ అంటే నడుస్తోంది, ఎరుపు అంటే ఫెయిలైంది. కానీ రంగు ఒక్కటే చూసి వదిలేయొద్దు. నాలుగు విషయాలు చూడాలి.

ఒకటి.. క్వోరమ్ ఉందా? అంటే మెజారిటీ నోడ్‌లు కలిసి ఉన్నాయా అని. 3 నోడ్‌ల క్లస్టర్‌లో 2, 5 నోడ్‌ల క్లస్టర్‌లో 3 కలిసి ఉండాలి. మెజారిటీ లేని గుంపు సర్వీసులు నడపకూడదు. పేస్‌మేకర్ డిఫాల్ట్‌గా అలాంటి చోట రిసోర్సులు ఆపేస్తుంది.

రెండు.. ఫెయిల్ కౌంట్ ఎంత? ఒక డేటాబేస్ రాత్రి మూడుసార్లు పడి, మూడుసార్లు తనంతట తానే లేచి ఉండొచ్చు. పొద్దున్న చూసేసరికి పచ్చగానే కనిపిస్తుంది. ఫెయిల్ కౌంట్ దగ్గర మాత్రం 3 అని ఉంటుంది. జబ్బు సంగతి చెప్పేది ఆ అంకెే.

మూడు.. మెయింటెనెన్స్ మోడ్ ఆన్‌లో ఉందా? ఎవరో పని కోసం ఆన్ చేసి, తీసేయడం మర్చిపోయి ఉండొచ్చు. అప్పుడు క్లస్టర్ ఏదీ పట్టించుకోదు. సర్వీస్ పడిపోయినా లేపదు.

నాలుగు.. ఫెన్సింగ్ పరికరం బతికుందా? దీని గురించే ఇప్పుడు చెప్పుకోవాలి. ఎందుకంటే అసలు ప్రాణం ఇక్కడే ఉంది.

ఫెన్సింగ్: తీసేయకూడని టిక్

మళ్లీ ఆ బస్సు దగ్గరకే వద్దాం. మొదటి డ్రైవర్ పలకడం లేదు. నిజంగా స్పృహ తప్పాడా? లేక వినిపించలేదా? తెలియకుండా రెండో డ్రైవర్ కూడా స్టీరింగ్ పట్టుకుంటే? ఇద్దరూ చెరోవైపు తిప్పితే బస్సు ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు.

సర్వర్లలో దీన్ని స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. రెండు నోడ్‌ల మధ్య కేబుల్ తెగింది. రెండూ బతికే ఉన్నాయి. కానీ "అవతలిది చచ్చిపోయింది, ఇక నేనే దిక్కు" అని రెండూ అనుకుంటాయి. ఒకే డిస్కు మీద రెండూ రాయడం మొదలుపెడితే డేటా పాడవుతుంది. సర్వర్ ఆగితే మళ్లీ లేపొచ్చు. పాడైన డేటాను బాగు చేయడం మాత్రం రోజుల పని. ఒక్కోసారి అసాధ్యం.

దీనికి మందు ఫెన్సింగ్. జవాబివ్వని నోడ్‌ను ముందు బలవంతంగా ఆఫ్ చేసి, ఆఫ్ అయిందని ఖాయం చేసుకున్నాకే దాని పని రెండోది అందుకుంటుంది. లైనక్స్ క్లస్టర్లలో దీన్ని స్టోనిత్ అని పిలుస్తారు. సర్వర్‌లోనే ఉండే రిమోట్ మేనేజ్‌మెంట్ కార్డు ద్వారా గానీ, కరెంట్ ఇచ్చే పీడీయూ ద్వారా గానీ, క్లౌడ్ అయితే ఆ క్లౌడ్ ఏపీఐ ద్వారా గానీ ఆఫ్ చేయిస్తారు. షేర్డ్ డిస్కు, వాచ్‌డాగ్ సాయంతో పనిచేసే ఎస్‌బీడీ అనే పద్ధతీ ఉంది. ప్రాక్స్‌మాక్స్‌లో అయితే క్వోరమ్ పోగొట్టుకున్న నోడ్ తన వాచ్‌డాగ్ ద్వారా తానే రీసెట్ అవుతుంది.

ఇక్కడే గ్రాఫికల్ టూల్స్‌తో అసలు ప్రమాదం. పేస్‌మేకర్‌లో స్టోనిత్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. ఫెన్సింగ్ పరికరం పెట్టకపోతే రిసోర్సులు స్టార్ట్ అవ్వవు. కొత్తగా నేర్చుకునేవాళ్లు కంగారు పడతారు. ఇంటర్నెట్‌లో చూస్తే "స్టోనిత్ ఆఫ్ చేసేయండి" అని సలహా దొరుకుతుంది. సెట్టింగ్స్ పేజీలో ఆ ఒక్క టిక్ తీసేస్తే చాలు.. అన్నీ పచ్చగా మారిపోతాయి. పని అయిపోయిందనిపిస్తుంది.

నిజానికి అప్పుడు తీసేసింది సీటు బెల్టు. ల్యాబ్‌లో నేర్చుకోవడానికైతే ఫర్వాలేదు. నిజమైన డేటా ఉన్నచోట మాత్రం అస్సలు కూడదు. ఫెన్సింగ్ లేని క్లస్టర్‌కు రెడ్ హ్యాట్ గానీ సూసే గానీ సపోర్ట్ ఇవ్వవు.

ఒకేలా కనిపించే బటన్లు.. వేర్వేరు ఫలితాలు

స్టాండ్‌బై: ఒక నోడ్‌ను ఖాళీ చేయడానికి. దాని మీద ఉన్న రిసోర్సులన్నీ వేరే నోడ్‌కి వెళ్లిపోతాయి. నోడ్ మాత్రం క్లస్టర్‌లోనే ఉంటుంది, దాని ఓటు కూడా ఉంటుంది. ప్యాచింగ్, ర్యామ్ మార్చడం లాంటి పనులకు ముందు ఇదే నొక్కాలి. విండోస్‌లో ఇదే పనికి నోడ్‌ను పాజ్ చేసి రోల్స్ డ్రెయిన్ చేస్తారు.

మెయింటెనెన్స్ మోడ్: ఇది వేరు. రిసోర్సులు ఎక్కడున్నవి అక్కడే నడుస్తుంటాయి. క్లస్టర్ మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటుంది. అది కలగజేసుకోకుండా డేటాబేస్‌ను మనమే చేత్తో ఆపి, లేపాల్సిన పని ఉన్నప్పుడు వాడతారు. పని అయ్యాక దీన్ని తీసేయడం మర్చిపోతే ఆ రోజు నుంచి హై అవైలబిలిటీ పేరుకే మిగులుతుంది.

మూవ్ లేదా మైగ్రేట్: రిసోర్స్‌ను ఇంకో నోడ్‌కి పంపడానికి. ఇది చాలామందిని ముంచే బటన్. పంపడం కోసం క్లస్టర్ ఒక లొకేషన్ రూల్ రాసుకుంటుంది. హాక్‌లోనూ పాత పీసీఎస్ వెర్షన్లలోనూ పని అయ్యాక కూడా ఆ రూల్ అలాగే ఉండిపోతుంది. "ఈ రిసోర్స్ ఆ పాత నోడ్‌కి వెళ్లకూడదు" అనే నిషేధంగా మిగిలిపోవచ్చు కూడా. నెల తర్వాత రెండో నోడ్ పడిపోతే, మొదటిది ఖాళీగా ఉన్నా సర్వీస్ అక్కడికి రాదు. అందుకే మూవ్ అయ్యాక క్లియర్ నొక్కి ఆ రూల్ తీసేయాలి. కొత్త పీసీఎస్ వెర్షన్లు దాన్ని వాటంతట అవే తీసేస్తున్నాయి. మీ వెర్షన్ ఏం చేస్తుందో కన్‌స్ట్రెయింట్స్ పేజీలో చూసుకోండి.

క్లీనప్: ఫెయిల్ కౌంట్ సున్నా చేసి, రిసోర్స్ స్థితిని మళ్లీ చూడమని క్లస్టర్‌కు చెబుతుంది. ఎరుపు పోయి పచ్చ వస్తుంది. కానీ ఎందుకు ఎరుపు వచ్చిందో తెలుసుకోకముందే ఇది నొక్కితే జ్వరం తగ్గకుండా థర్మామీటర్ దాచినట్టే. ముందు లాగ్ చదవండి, తర్వాతే క్లీనప్.

స్టాప్: రిసోర్స్‌ను పూర్తిగా ఆపేస్తుంది. ఏ నోడ్ మీదా నడవదు. "ఇక్కడ ఆపితే అక్కడ లేస్తుందిలే" అనుకుంటే పొరపాటే. ఆపమన్నది మీరే కాబట్టి క్లస్టర్ మీ మాటే వింటుంది. ఇంకో నోడ్‌కి పంపడమే మీ ఉద్దేశమైతే నొక్కాల్సింది మూవ్.. స్టాప్ కాదు.

ఫెన్స్: నోడ్‌ను బలవంతంగా ఆఫ్ లేదా రీబూట్ చేస్తుంది. షట్‌డౌన్ పద్ధతి ప్రకారం జరగదు, కరెంట్ పీకేసినట్టే. నోడ్ పేరు రెండుసార్లు చదివాకే నొక్కాలి.

43 సెకన్ల తెగుదల.. 24 గంటల అవస్థ

రూల్స్ ఎంత ముఖ్యమో చెప్పడానికి బహిరంగంగా నమోదైన ఒక ఉదాహరణ ఉంది. ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో జరిగింది.

2018 అక్టోబర్ 21, అంతర్జాతీయ సమయం ప్రకారం రాత్రి 10:52. మన దగ్గర 22వ తేదీ తెల్లవారుజామున 4:22. అమెరికా తూర్పు తీరంలో పాడైపోతున్న నెట్‌వర్క్ పరికరాన్ని మారుస్తుండగా కనెక్షన్ తెగింది. 43 సెకన్లలో మళ్లీ వచ్చేసింది. కానీ ఆ 43 సెకన్లు చాలు.

గిట్‌హబ్ తన మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ క్లస్టర్ల కోసం ఆర్కెస్ట్రేటర్ అనే టూల్ వాడేది. ఏ డేటాబేస్ ప్రధానం, ఏది దాని కాపీ అని బ్రౌజర్‌లో బొమ్మలా చూపించడమే కాదు, ప్రధాన డేటాబేస్ పోతే కొత్తదాన్ని ఎంచుకునే పనీ అదే చేస్తుంది. తూర్పు తీరం కనిపించకపోవడంతో అది పశ్చిమ తీరంలోని డేటాబేస్‌లను ప్రధానం చేసేసింది. అయితే తూర్పున చివరి క్షణాల్లో రాసిన కొంత డేటా అప్పటికి పశ్చిమానికి చేరలేదు. కనెక్షన్ వచ్చాక కొత్త రాతలు పశ్చిమంలో పడటం మొదలైంది. ఇప్పుడు రెండు వైపులా రెండో వైపు లేని డేటా ఉంది. ఎక్కువ బిజీగా ఉండే ఒక క్లస్టర్‌లోనే అలాంటి రాతలు 954.

వెనక్కి వెళ్లడం కుదరలేదు. సైట్ తొందరగా లేవడం కన్నా డేటా పోకపోవడమే ముఖ్యమని గిట్‌హబ్ నిర్ణయించుకుంది. బ్యాకప్‌ల నుంచి తిరిగి నింపి, కాపీలన్నీ సరిచేసి, పూర్తిగా కుదుటపడేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

ఇందులో గమనించాల్సింది ఏంటంటే.. టూల్ చెడిపోలేదు. దానికి ఎలా చెప్పారో అలాగే చేసింది. దేశానికి అటు చివర ఉన్న డేటాబేస్ ప్రధానమైతే తమ అప్లికేషన్లు తట్టుకోలేవన్న సంగతి ఆ రూల్స్‌లో లేదు, అంతే. ఆ తర్వాత ఒక ప్రాంతం దాటి ప్రధాన డేటాబేస్ మారకుండా గిట్‌హబ్ ఆ సెట్టింగులను మార్చుకుంది. అలాంటి పొరపాటు ఏ పచ్చ రంగూ ముందుగా చూపించదు.

మౌస్‌తో క్లస్టర్ కట్టాలంటే.. వరుస ఇదీ

రెడ్ హ్యాట్ తరహా పీసీఎస్ పేజీ అయినా, సూసే హాక్ అయినా దారి ఇంచుమించు ఒకటే.

మొదట అన్ని నోడ్‌ల గడియారాలు ఒకేలా ఉండాలి. పేర్లు, ఐపీ అడ్రస్‌లు ఒకదానికొకటి తెలియాలి. వీలైతే నోడ్‌ల మధ్య కబుర్లకు రెండు వేర్వేరు నెట్‌వర్క్ దారులు పెట్టండి. ఒక కేబుల్ తెగినా రెండోది ఉంటుంది.

తర్వాత క్లస్టర్ తయారీ. పీసీఎస్‌లో అయితే హాక్లస్టర్ అనే యూజర్‌కు పాస్‌వర్డ్ పెట్టి, లాగిన్ అయి, నోడ్‌లను చేర్చి, పేరిచ్చి క్లస్టర్ సృష్టిస్తారు. సూసేలో మొదటి సెటప్ ఒక చిన్న స్క్రిప్టుతో అయిపోతుంది. హాక్ ఆ తర్వాత అందుకుంటుంది.

మూడోది ఫెన్సింగ్. సర్వీసుల కంటే ముందే ఇది పెట్టాలి. పెట్టి వదిలేయకుండా ఒక నోడ్‌ను నిజంగా ఫెన్స్ చేసి చూడాలి. రీబూట్ అయితేనే లెక్క.

నాలుగోది రిసోర్సులు. సాధారణంగా స్టోరేజ్, ఫైల్ సిస్టమ్, వర్చువల్ ఐపీ, ఆ తర్వాత సర్వీస్. వీటిని ఒక గ్రూపులో పెడితే అన్నీ ఒకే నోడ్ మీద ఉంటాయి, వరుసగా లేస్తాయి, రివర్స్ వరుసలో ఆగుతాయి.

ఐదోది స్టికీనెస్. పడిపోయిన నోడ్ తిరిగి రాగానే సర్వీస్ మళ్లీ వెనక్కి పరిగెత్తకుండా ఆపే సెట్టింగ్ ఇది. లేకపోతే అవసరం లేకుండా జనానికి రెండో కుదుపు.

రెండే నోడ్‌లు ఉంటే ఇంకో జాగ్రత్త. ఇద్దరిలో మెజారిటీ అంటే ఇద్దరూ ఉండాలి. ఒకరు పోతే మెజారిటీ లేనట్టే. అందుకే కోరోసింక్‌లో రెండు నోడ్‌లకు ప్రత్యేక సెట్టింగ్ ఉంది. కానీ కేబుల్ తెగితే రెండూ ఒకదాన్నొకటి ఒకేసారి ఆఫ్ చేసుకునే ప్రమాదం ఉంటుంది. దానికి ఒకవైపు ఫెన్సింగ్‌కు కొన్ని సెకన్ల ఆలస్యం పెడతారు. ఇంకా మేలైన దారి, మూడో ఓటు. లైనక్స్‌లో క్యూ-డివైస్, విండోస్‌లో విట్‌నెస్ ఆ మూడో ఓటు వేస్తాయి. విండోస్ సర్వర్ 2016 నుంచి ఆ విట్‌నెస్‌ను క్లౌడ్‌లో కూడా పెట్టుకోవచ్చు.

పరీక్ష పెట్టనిదే నమ్మకండి

క్లస్టర్ కట్టాక తప్పనిసరిగా చేయాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. స్టాండ్‌బై నొక్కి సర్వీస్ అటు వెళ్తోందా చూడండి. డేటాబేస్ ప్రాసెస్‌ను చంపి, క్లస్టర్ గమనిస్తోందా చూడండి. నెట్‌వర్క్ కేబుల్ తీసి, ఎవరు ఎవరిని ఫెన్స్ చేస్తున్నారో చూడండి. నడుస్తున్న నోడ్ పవర్ తీసేసి, ఎన్ని సెకన్లలో సర్వీస్ తిరిగొచ్చిందో రాసుకోండి. ఇవన్నీ సర్వీస్ జనానికి తెరవకముందే చేయాలి. ఆ తర్వాత కూడా ప్లాన్ చేసుకున్న సమయంలో అప్పుడప్పుడు చేస్తుండాలి.

ఇంకో మాట. క్లస్టర్ ఉంది కదా అని బ్యాకప్ మానేయొద్దు. ఎవరైనా పొరపాటున ఒక టేబుల్ డిలీట్ చేస్తే, ఆ డిలీట్ రెండో నోడ్‌కీ క్షణాల్లో చేరిపోతుంది. క్లస్టర్ కాపాడేది సర్వీస్‌ను. పోయిన డేటాను తెచ్చేది బ్యాకప్ ఒక్కటే.

పాస్‌వర్డ్ జాగ్రత్త

ఈ పేజీలోకి లాగిన్ అయినవారి చేతిలో మొత్తం క్లస్టర్ ఉన్నట్టే. సర్వర్లను ఆఫ్ చేసే బటన్ కూడా అక్కడే ఉంది. అందుకే 2224, 7630, 8006, 9090 లాంటి పోర్టులను ఇంటర్నెట్‌కు తెరవకూడదు. ఆఫీసు లోపలి నెట్‌వర్క్ నుంచో, వీపీఎన్ నుంచో మాత్రమే అందాలి. సెటప్ సమయంలో వచ్చిన డిఫాల్ట్ పాస్‌వర్డ్ ఏదైనా ఉంటే అదే రోజు మార్చేయాలి. కేవలం చూడాల్సినవాళ్లకు చూసే హక్కు మాత్రమే ఇవ్వాలి. హాక్, పీసీఎస్ రెండింటిలోనూ ఆ ఏర్పాటు ఉంది.

మౌసా.. కమాండా?

రెండూ కావాలి. ఒక్క చూపులో పరిస్థితి అర్థమవ్వడానికి, రూల్స్ మధ్య సంబంధాలు చూడటానికి, కొత్తవాళ్లకు నేర్పడానికి గ్రాఫికల్ టూల్‌ను మించింది లేదు. కానీ వెబ్ పేజీ తెరుచుకోని రాత్రి కూడా వస్తుంది. అప్పుడు పీసీఎస్ స్టేటస్, సీఆర్ఎం స్టేటస్, సీఆర్ఎం మాన్ లాంటి నాలుగైదు కమాండ్లు చేతిలో ఉండాలి. పది క్లస్టర్లు ఒకేలా కట్టాలన్నా, ఎవరు ఏం మార్చారో రాతలో ఉండాలన్నా కమాండ్లు, స్క్రిప్టులే మేలు. మౌస్‌తో పెద్ద మార్పు చేసే ముందు కాన్ఫిగరేషన్ బ్యాకప్ ఒకటి తీసి పెట్టుకోవాలి.

నొక్కే ముందు ఐదు ప్రశ్నలు

1. నేనున్నది సరైన క్లస్టర్‌లోనేనా? టెస్ట్, ప్రొడక్షన్ ట్యాబ్‌లు పక్కపక్కనే తెరిచి ఉన్నాయా?

2. ఇప్పుడు క్వోరమ్ ఉందా? ఈ నోడ్‌ను పక్కన పెట్టాక కూడా ఉంటుందా?

3. రెండో నోడ్ ఈ బరువు మోయగలదా? ర్యామ్, డిస్కు సరిపోతాయా?

4. ఫెన్సింగ్ ఆన్‌లో ఉందా? చివరిసారి ఎప్పుడు పరీక్షించారు?

5. పని అయ్యాక తీసేయాల్సింది ఏమైనా మిగులుతుందా? మెయింటెనెన్స్ మోడ్, స్టాండ్‌బై, మూవ్ రూల్.. ఈ మూడూ పేపర్ మీద రాసుకోండి.

ఈ ఐదింటికీ జవాబు తెలిస్తే నొక్కేయొచ్చు. ఒక్కదానికి తెలియకపోయినా ఆగి, టీమ్‌లో ఇంకొకరిని పిలిచి కలిసి చూడటం మంచిది. ఫెన్సింగ్ పరీక్ష జరిగి చాలా కాలమైందంటే మాత్రం.. వచ్చే మెయింటెనెన్స్ సమయంలో చేయాల్సిన మొదటి పని అదే.